నీడలో కొట్టిన ఎండ

2023 జూన్. వానలు ఇంకా దిగలేదు. హైదరాబాద్‌లోని నా చిన్న ఆఫీసుకు ఒక ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి పని వచ్చింది. జగిత్యాల, సిరిసిల్ల వైపు కూలి చేసుకునే ఆడవాళ్ల కోసం వాళ్లు ఆ వేసవిలోనే ఒక ఎండల పాలసీ మొదలుపెట్టారు. సిరిసిల్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. బయటి యాక్చువరీ ఒకరు పరిశీలించి, పాలసీ సరిగానే పనిచేసిందని రాసిస్తే వాళ్ల ఫైలు మూసుకుంటుంది. కూర్చున్న చోటు నుంచి కదలకుండా వారం రోజుల్లో తేల్చేయొచ్చని వాళ్ల ఉద్దేశం.

యాక్చువరీ అంటే ఏమిటని ఇప్పటికీ నన్ను పెళ్లిళ్లలో అడుగుతుంటారు. జాతకం చెప్పేవాళ్లం కాదు. రేపు ఎవరికి ఏ ఆపద వస్తుందో మాకు తెలియదు. కానీ వెయ్యి మందిలో ఎందరికి రావచ్చో, వస్తే ఎంత భారమవుతుందో పాత అనుభవాన్ని బట్టి లెక్క కడతాం. ఆ భారాన్ని అందరి మీదా కొద్దికొద్దిగా పంచితే తలా ఎంత పడుతుందో చెబుతాం. ఆ తలా పడేదే ప్రీమియం. కోరుట్లలో పుట్టి, జగిత్యాలలో లెక్కల డిగ్రీ చదివి, యాక్చువరీ పరీక్షలన్నీ ఒక్కొక్కటే దాటుకుంటూ వచ్చి, ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేస్తున్నాను. లెక్క మీద నాకు నమ్మకం ఎక్కువ. ఈ కేసు తర్వాత కూడా తగ్గలేదు. కాకపోతే లెక్క మొదలుపెట్టే చోటు మారింది.

ఆ పాలసీ పెరామెట్రిక్ పాలసీ. మామూలు పాలసీలో నష్టం జరిగాక బిల్లులు పెట్టాలి, ఎవరో వచ్చి చూడాలి, ఆ తర్వాత డబ్బు. ఇందులో అవేవీ లేవు. దగ్గర్లోని వాతావరణ కేంద్రంలో పగటి ఉష్ణోగ్రత ముందుగా రాసుకున్న గీతను వరుసగా రెండు రోజులు దాటితే చాలు, సభ్యులందరి ఖాతాల్లోకి ఒకటి రెండు రోజుల కూలికి సరిపడా డబ్బు దానంతట అదే వెళ్తుంది. ఆ గీతను మా భాషలో ట్రిగ్గర్ అంటాం. ఎండ ముదిరిన రోజు పనికి పోకుండా ఇంటి దగ్గర ఉండగలగడానికే ఆ డబ్బు. ఆలోచన మంచిది. మహిళా సంఘాల సమాఖ్య ఒకటి గొల్లపల్లి మండలంలో పొలం పనులకు, ఉపాధి పనులకు పోయేవాళ్లను, సిరిసిల్లలో మరమగ్గాల షెడ్లలో పనిచేసేవాళ్లను కలిపి ఇందులో చేర్పించింది.

ఆ వేసవిలో గొల్లపల్లి వాళ్లకు డబ్బు పడింది. సిరిసిల్ల వాళ్లకు పడలేదు.

అంకెలు నాకు ముందే పంపారు. చూస్తే అంతా సక్రమమే. సిరిసిల్ల కేంద్రంలో ఉష్ణోగ్రత గీత దాకా వచ్చి ఆగిపోయింది. అయినా ఊరు చూడకుండా సంతకం పెట్టనన్నాను. కంపెనీ ప్రోడక్ట్ మేనేజర్ వినయ్ అయిష్టంగానే నాతో బయలుదేరాడు. కోరుట్లలో మా అన్నయ్య ఇంట్లో దిగి, మర్నాడు చందుర్తి మీదుగా సిరిసిల్ల చేరాం.

సమాఖ్య ఆఫీసు ఒక మేడ మీద. కింద సాంచాలు ఆడుతున్నాయి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. నేల అదురుతుంటే గొంతు పెంచి మాట్లాడుకోవాలి. అక్కడ సంఘం లీడరు రజిత. నలభై లోపు మనిషి, మాట సూటి.

"మేడం, గొల్లపల్లోళ్లకు పైసలు వడ్డయి. మాకు ఒక్కపారి గూడ పడలె. సూర్యుడు గాడికే వోతడా? గీడికి రాడా?"

వినయ్ ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. "మీ స్టేషన్‌లో టెంపరేచర్ లైన్ దాటలేదమ్మా. రూల్ అందరికీ ఒకటే."

"గీత మాకు జూపెట్టకు సార్. మా సరోజనక్క మే నెలల సోయిదప్పి సాంచ పక్కనే పడ్డది. ఇంకో జానెడు ఇవతలికి పడితే మనిషే దక్కకపోవు. దవాఖానల పండవెట్టినం. పోయి గామెను అడుగు, దాటిందో దాటలేదో."

"అడుగుదాం పా రజితా," అన్నాను నేను.

షెడ్డు రెండు సందుల అవతల. రేకుల కప్పు, చిన్న కిటికీలు. లోపల అడుగుపెట్టగానే ముఖానికి తడి దుప్పటి చుట్టినట్టయింది. వరుసగా సాంచాలు, ఒక మూలన కండెల మిషను. పోగును కండెల మీదికి చుట్టడం ఆడవాళ్ల పని. సరోజన అక్కడే ఉంది. యాభై దాటిన మనిషి, ముఖం పీక్కుపోయి ఉంది. దవాఖాన నుంచి వచ్చి నెల తిరగకముందే మళ్లీ పనిలోకి దిగింది.

నెత్తి మీద ఫ్యాను ఉంది. తిరగడం లేదు.

"ఫ్యాను ఎయ్యరా అక్కా?"

"ఏస్తే పోగు ఎగురుతది. తెగుతది. తెగిన పోగులు అతుక్కుంట గూసుంటె కూలేం గిడుతది?"

నాకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మా అమ్మ కోరుట్లలో బీడీలు చేసేది. ఫ్యాను వేస్తే చాటలో జర్దా ఎగిరిపోతుందని వేసవంతా చెమటలు కక్కుతూనే కూర్చునేది. మేము విసనకర్ర పట్టుకున్నా తిట్టేది.

"పడ్డ దినం ఎండ బాగుండెనా?"

సరోజన నిండిన కండె తీసి పక్కన పెట్టింది. "లేదు బిడ్డా. గా దినం మబ్బు గూడ వట్టింది. దానికి ముందుగాలనే పానం గుంజుకవోయింది. ఇంట్ల రేకులే. తెల్లారేదాక సల్లవడకపాయె. నాలుగు రాత్రులో ఐదు రాత్రులో కన్నంటుకోలె. గట్లనే పనికి అచ్చిన."

"పైసలు వడితే ఏం జేద్దువు?"

"చందుర్తిల మా చెల్లె ఇల్లున్నది. గూనపెంకల ఇల్లు, సల్లగుంటది. పోయి రెండు దినాలు కడుపునిండ నిద్రవోదును."

వినయ్ అప్పటికే బయటికి వెళ్లి నీళ్లు తాగుతున్నాడు. అతన్ని తప్పుపట్టను. నేనూ అంతసేపు కూర్చోలేకపోయాను.

మా వృత్తిలో బేసిస్ రిస్క్ అనే మాట ఉంది. కొలిచే పరికరం ఒకటి చెబుతుంది, మనిషి పడే బాధ ఇంకొకటి. ఆ రెంటి మధ్య ఎడమే బేసిస్ రిస్క్. కేంద్రం ఉన్నది ఊరి బయట బయలు జాగాలో, గాలి ఆడే చోట. సరోజన ఉన్నది రేకుల కింద. ఎడం ఉందని తెలిసిపోయింది. కానీ ఎంత ఉందో, ఎప్పుడు పెరుగుతుందో చెప్పలేకపోతే నా మాటకు కంపెనీలో విలువ ఉండదు. జాలి మీద ప్రీమియం కట్టలేం.

అందుకే డేటా లాగర్లు తెప్పించాను. అగ్గిపెట్టెంత పరికరాలు. గోడకు తగిలిస్తే రాత్రీ పగలూ వేడిని, గాలిలో తేమను రాసుకుంటూ పోతాయి. వాటిని షెడ్లలో పెట్టాలంటే యజమానులు ఒప్పుకోవాలి. వాళ్లను అక్కడ ఆసాములంటారు. సరోజన పనిచేసే షెడ్డు ఆసామి శంకరయ్య ఆ పరికరాన్ని తేలును చూసినట్టు చూశాడు.

"రేపు ఎవలో ఆఫీసరు అచ్చి, నీ షెడ్డుల ఇంత వేడున్నది, బందుపెట్టుమంటే నేనేం జెయ్యాలె మేడం? నాదేమన్న మిల్లా? ఉన్నయే నాలుగు సాంచాలు. నేను గూడ నడుపుతేనే ఎల్లుతది."

"నీ షెడ్డు పేరు ఏడ గూడ రాయను, శంకరన్నా. అన్ని షెడ్లవి కలిపి ఒక్కటే లెక్క తీస్త."

"కాయితం మీద రాసిస్తవా?"

"ఇప్పుడే రాసిస్త."

రాసిచ్చాను. ఆయన ఆ కాగితాన్ని బనీను జేబులో పెట్టుకుని, లాగర్‌ను తనే స్టూలెక్కి కట్టాడు. తర్వాత పక్క షెడ్ల వాళ్లను కూడా తనే ఒప్పించాడు. సరోజన ఇంట్లో ఒకటి, రజిత ఇంట్లో ఒకటి, ఇంకొందరి ఇళ్లలోనూ పెట్టాం. పోల్చి చూడటానికి గొల్లపల్లిలో కొన్ని ఇళ్లలో పెట్టించాను. వానలు ఆలస్యమైన ఆ జూన్ రైతులను ఏడిపించింది కానీ, నా పనికి కలిసొచ్చింది.

లెక్క తీశాక రెండు సంగతులు బయటపడ్డాయి. షెడ్డు లోపలి పగటి వేడి బయటకంటే ఎక్కువే, అది ఎవరైనా ఊహించగలరు. అసలు సంగతి రాత్రిది. గొల్లపల్లి ఇళ్లలో సగం రాత్రికైనా వేడి దిగుతోంది. సిరిసిల్లలో ఇరుకు సందులు, రేకుల కప్పులు, రాత్రి షిఫ్టు ఆగని సాంచాలు. అక్కడ దిగడం లేదు. పగలంతా ఉడికిన శరీరం రాత్రి చల్లబడితేనే మర్నాటికి తట్టుకుంటుంది. అలా చల్లబడని రాత్రులు వరుసగా వస్తే, మబ్బు పట్టిన రోజు కూడా మనిషి కూలిపోవచ్చు.

అప్పుడు కేంద్రం నుంచి వచ్చిన పాత అంకెలను మళ్లీ తెరిచాను. పగటి ఉష్ణోగ్రత పక్కనే రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత కూడా రోజూ నమోదై ఉంది. సరోజన పడిపోవడానికి ముందు రాత్రులు వరుసగా వేడిగా ఉన్నాయి. పోయిన చాలా వేసవుల లెక్కలు తీసి, లాగర్లు చెప్పినదానితో జత చేసి చూస్తే, కేంద్రంలో రాత్రి వేడి ఏ మేరకు ఉంటే రేకుల ఇంట్లో నిద్ర ఉండదో చెప్పగలిగాను. థర్మామీటర్ అబద్ధమాడలేదు. దాన్ని రాత్రి సంగతి అడిగినవాళ్లు లేరు, అంతే.

కంపెనీ కమిటీ ముందు ఇదంతా పెట్టాను. పాలసీ నిబంధనల ప్రకారమే నడిచిందని మొదటి వాక్యంలోనే రాశాను, ఎందుకంటే అది నిజం. రెండో వాక్యంలో, సిరిసిల్ల ఆడవాళ్లకు ఈ పాలసీ దాదాపు ఎప్పటికీ పనికిరాదని రాశాను. అదీ నిజమే. సిరిసిల్లకు రాత్రి ఉష్ణోగ్రత మీద ట్రిగ్గర్ పెట్టాలన్నాను.

అండర్‌రైటింగ్ చూసే పెద్దాయన తల అడ్డంగా ఊపారు. అండర్‌రైటింగ్ అంటే ఏ రిస్క్ తీసుకోవాలో, ఏది వద్దో తేల్చే విభాగం. "అక్కడ డబ్బు ఎక్కువసార్లు పోతుంది. ప్రీమియం పెంచితే ఆ ఆడవాళ్లు కట్టలేరు. సిరిసిల్లను తీసేసి గొల్లపల్లి వరకు నడుపుకుందాం. అది శుభ్రంగా ఉంది కదా."

"విడిగా చూస్తే మీరన్నది నిజమే," అన్నాను. "కలిపి చూడండి. పొలాల్లో పగటి ఎండ ముదిరే రోజులూ, షెడ్లలో రాత్రి ఉక్క ముదిరే రోజులూ అన్నిసార్లూ ఒకటి కావు. రెండు గుంపులనూ ఒకే కుండలో ఉంచి, ఒక్కోసారి ఇచ్చే డబ్బు కొంచెం తగ్గించి, గీత కాస్త దించి ముందుగానే ఇచ్చినా, ప్రీమియం పెరిగేది కొద్దిగానే."

అపాయింటెడ్ యాక్చువరీ, అంటే కంపెనీ తరఫున లెక్కలన్నిటికీ పూచీ పడే మనిషి, నా పట్టికలు నెమ్మదిగా తిరగేశారు. వయసులో నాకంటే చాలా పెద్ద. "రాత్రి టెంపరేచర్ మీద ఇలాంటి పాలసీ ఇంతకుముందు ఎవరైనా రాశారా అమ్మా?"

"నేనైతే చూడలేదు సార్."

"నువ్వు సంతకం పెడతావా?"

"పెడతాను."

"అయితే ఒక షరతు. గొల్లపల్లి వాళ్ల వాటా తగ్గుతుంది కదా, వాళ్లకు చెప్పి ఒప్పించు. చెప్పకుండా మార్చి పెట్టే పాలసీ మీద నేను సంతకం పెట్టను."

ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

మార్చిలో, పాలసీ కొత్త ఏడాదికి ముందు, జగిత్యాల మీదుగా గొల్లపల్లి వెళ్లాం. రజిత కూడా సిరిసిల్ల నుంచి వచ్చింది. సంఘం భవనంలో ఆడవాళ్లు నిండుగా కూర్చున్నారు. వాళ్లలో లచ్చవ్వ మాటే చెల్లుతుంది. కూలి గుంపును వెంటేసుకుని పొలాలకూ మామిడి తోటలకూ తిరిగే మేస్త్రి, అరవై ఏళ్లకు దగ్గర్లో ఉంటుంది. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, ఒకే ప్రశ్న వేసింది.

"మేం ఎర్రటెండల తట్టలు మోస్తం. గాళ్లు నీడకు గూసుండి పనిజేస్తరు. గాళ్లకోసం మా పైసలెందుకు కోస్తవ్ బిడ్డా?"

చుట్టూ ఉన్నవాళ్లు నిజమేనన్నారు. నేను గ్రాఫు తీయబోయాను. రజిత నా చెయ్యి పట్టి ఆపింది.

"అవ్వా, నువ్వు ఒక్కపారి మా దిక్కు రా. నీడ ఎట్లుంటదో సూద్దువు. సూసినంక నువ్వు వద్దంటె వద్దే."

"అస్త. నాకేం బయ్యమా?"

ఆ వారంలోనే లచ్చవ్వ మరో ముగ్గురిని వెంటబెట్టుకుని బస్సులో సిరిసిల్ల వచ్చింది. ఇంకా మార్చి నెలే. మిట్టమధ్యాహ్నం శంకరయ్య షెడ్డుకు తీసుకెళ్లాం. లచ్చవ్వ నేరుగా వెళ్లి కండెల మిషను పక్కన సరోజన ముందు చతికిలబడింది. సాంచాల చప్పుడుకు ఇద్దరూ చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడుకుంటున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు. లచ్చవ్వ కొంగుతో మెడ తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. ఫ్యాను వైపు చూపించి ఏదో అడిగింది. సరోజన చెయ్యి తిప్పి చెప్పింది. కాసేపటికి లచ్చవ్వ లేచింది. లేస్తూ తూలితే రజిత పట్టుకుంది.

బయట వేపచెట్టు కింద కూర్చుని చెంబెడు నీళ్లు తాగాక నోరు విప్పింది.

"గీ నీడ కంటె మా ఎండనే నయం. గాడ గాలన్న ఆడుతది. పానం కొట్టుకుంటె చెట్టు కిందికన్న ఉరుకుతం. గీమె యాడికి ఉరుకుతది?"

వెంట వచ్చిన ముగ్గురిలో ఒకామె, "అయితే మన పైసలు తగ్గుతయి గద పెద్దవ్వా?" అంది.

"తగ్గనియ్. ముందుగాల పడుతయని మేడం జెప్పవట్టె గద. ఏం మేడం, ముందుగాల పడుతయా లేదా?"

"పడుతయి అవ్వా. మీకు గూడ గీత జెర కిందికి తెస్తున్న. ఒక్కోపారి వచ్చేది తగ్గుతది, వచ్చే సార్లు పెరుగుతయి."

"గంతే మల్ల. నేను మావోళ్లకు జెప్త."

చెప్పింది. అందరూ ఒప్పుకోలేదు, కొందరు పాలసీ మానుకున్నారు. ఎక్కువమంది ఉన్నారు. ఆ పాలసీ మీద నేనూ, ఆ అపాయింటెడ్ యాక్చువరీ గారూ సంతకాలు పెట్టాం. నా వృత్తి జీవితంలో పెట్టిన సంతకాల్లో అంత తృప్తిగా పెట్టింది ఇంకొకటి లేదు.

2024 వేసవిలో సిరిసిల్లలో ముందుగా రాత్రి గీత దాటింది. ఆ పొద్దున రజిత ఫోన్ చేసి, "మేడం, పడ్డయి!" అని ఒక్క మాట అరిచి పెట్టేసింది. అందరూ ఇంటి దగ్గర ఉన్నారని చెప్పను. కొందరు డబ్బు తీసుకుని కూడా పనికి వెళ్లారు. పిల్లల ఫీజులు, ఇంటి కిరాయి, వాళ్ల అవసరాలు వాళ్లవి. శంకరయ్య మాత్రం, సగం మంది రాకపోయేసరికి మధ్యాహ్నం సాంచాలు ఆపి పొద్దున్నే నడపడం మొదలుపెట్టాడు. ఉక్క తగ్గేదాకా అలాగే నడిపాడు. ఆ తర్వాత గొల్లపల్లిలో పగటి గీత దాటింది, అక్కడా డబ్బు పడింది. కోరుట్ల బీడీల ఆడవాళ్లు తమనూ చేర్చుకొమ్మని సమాఖ్యకు కబురు పెట్టారు. ఆ లెక్క ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. కంపెనీ వైపు నుంచి ఆ పని వినయే నడుపుతున్నాడు, లాగర్లు పట్టుకుని ఇంటింటికీ తనే తిరుగుతున్నాడు.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. మొదటి ఏడాది పాలసీలో లెక్క తప్పు ఒక్కటీ లేదు. గీసినవాళ్లు గీతను సరిగానే గీశారు, కాకపోతే ఒకే రకం మనిషిని ఊహించుకుని గీశారు. లెక్క సరిపోవడం, మనిషికి సరిపోవడం రెండూ ఒకటి కావు. రెండోది తెలుసుకోవాలంటే కొలిచేచోటికీ, మనిషి ఉండేచోటికీ రెంటికీ వెళ్లాలి. మా పరీక్షల పుస్తకాల్లో ఈ పాఠం ఒక అధ్యాయం చివర ఉంటుంది. మా ఆఫీసులో ఇప్పుడు అది మొదటి రోజు పని. వరదైనా, పంటైనా, ఎండైనా, ఊరు చూసి వచ్చాకే మా ఆఫీసులో పనిచేసే పిల్లలు కంప్యూటర్ తెరుస్తారు.

మా వృత్తి మారుతోందని సభల్లో అంటుంటారు. వాతావరణం, కొత్త డేటా, కొత్త సాఫ్ట్‌వేర్ అని పెద్ద మాటలు చెబుతారు. నాకు ఆ మార్పు ఒక ఫోన్ కాల్‌తో అర్థమైంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అన్నీ జీవిత బీమా లెక్కలే. అందులో డబ్బు భార్యకో కొడుకుకో అందేది. అందిందని మాకు చెప్పడానికి పాలసీ కట్టిన మనిషి బతికి ఉండేవారు కాదు. ఉండకపోవడమే ఆ లెక్కకు ఆధారం. 2024 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తాను.

"మేడం, నేను సరోజనను. చందుర్తికెల్లి మాట్లాడుతున్న. పైసలు అందినయి. ఇగో, ఇప్పుడే నిద్రలేసిన."